సున్నా లెవల్ మీద నా సంతకం

మార్కాపురంలో నాలుగేళ్లు నేను ఇంగ్లీషు నేర్పుతున్నట్టు నటించాను. ఈ మాట ఊరికే అనడం లేదు. నిజంగా నేర్పి ఉంటే ఎవరికో ఒకరికి వచ్చి ఉండాలి కదా. బస్టాండుకు పోయే రోడ్డులో, చెప్పుల దుకాణం పైన, ఇరుకు మెట్లు ఎక్కితే మా స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్. కింది నుంచి కనబడేలా పెద్ద బోర్డు ఉండేది: "గుంపులో గోవిందా చదువులు కాదు. మీ చదువు మీకే ప్రత్యేకం." రోడ్డు మీద పోయేవాళ్లు తలెత్తి చదివి, నిజమే కదా అనుకుని మెట్లెక్కేవాళ్లు. పాపం.

సెంటర్ యజమానిని డైరెక్టర్ అని పిలవాలి. అంతకుముందు పదేళ్లు ఆయన బోరు మోటార్లు అమ్మాడు. నన్ను పనిలోకి తీసుకున్న రోజు కుర్చీలో వెనక్కి వాలి ఆయన తన సిద్ధాంతం చెప్పాడు. ఎవరి బోరు లోతును బట్టి వాళ్లకు మోటారు దించినట్టే, ఎవరికి ఎంత వచ్చో చూసి వాళ్లకు అంత పాఠం దించాలట. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పడం పాతకాలపు పద్ధతట. నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవాణ్ణి. మోటార్ల మనిషి నోట ఇంత మంచి మాట వచ్చిందని ముచ్చటపడ్డాను. ఆ మాటలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. తప్పు మా దగ్గరే ఉంది.

హాలు నిండా ప్లైవుడ్ గదులు కొట్టించాడు. ఒక్కో గదిలో ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను, తిరగాలా వద్దా అని ఆలోచించే చిన్న ఫ్యాను. హెడ్‌ఫోను స్పాంజికి నాలుగేళ్ల తలనూనె పట్టి ఉండేది. నేర్చుకునేవాళ్లు లోపల కూర్చుని మైకులో మాట్లాడితే కంప్యూటరు మార్కులు వేస్తుంది. మాటలు నేర్పే ఆ చోట మనిషికీ మనిషికీ మాట ఉండేది కాదు. ఒకరి గది నుంచి ఇంకొకరి గదిలోకి తొంగి చూస్తే డైరెక్టర్ కసిరేవాడు.

ప్రతివాళ్లకూ ఒక ఫైలు. పైన వాళ్ల ఫోటో, పేరు, దాని కింద బంగారు రంగులో "మీ కోసమే తయారు చేసినది". లోపల అందరికీ అవే కాగితాలు. పక్క సందులో జిరాక్సు తీయించి కట్టలు కట్టలుగా తెచ్చేవాళ్లం. నర్సింగ్ చదివే అమ్మాయికైనా, పలకల వ్యాపారం చేసే మనిషికైనా లండన్‌లో మ్యూజియానికి దారి అడగడమే పాఠం. పలకల వ్యాపారి ఒకాయన రెండు నెలలు ఆ దారి అడిగీ అడిగీ, ఆ మ్యూజియంలో మన పలకలు కొనేవాళ్లు ఎవరైనా ఉంటారా సార్ అని నన్ను అడిగి మానేశాడు. మా దగ్గర ఏదో ఒకటి అర్థం చేసుకుని వెళ్లినవాడు ఆయనొక్కడే.

ఇక నా పని. వచ్చిన ప్రతివాళ్లకూ మొదటిరోజు పరీక్ష పెట్టి లెవల్ తేల్చాలి. సున్నా నుంచి ఎనిమిది దాకా లెవల్స్. ప్రశ్నలు నాలుగే. మీ పేరేమిటి, మీ ఊరేది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇంగ్లీషు ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు. పలకల పనివాళ్లు రాతిని వేలితో తట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేస్తారు. మనుషుల విషయంలో నాకూ అంతటి చెవి ఉందని నాకు నేనే బిరుదు ఇచ్చుకున్నాను. ఐదు నిమిషాల్లో తేల్చేసేవాణ్ణి.

ఒక ఏప్రిల్‌లో తర్లుపాడు నుంచి ఒక పెద్దాయన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనకు అక్కడ కిరాణా దుకాణం. కోడలిది గిద్దలూరు వైపు. బీఎస్సీ, బీఈడీ చదివింది. మార్కాపురంలోనే ఒక ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు ఉద్యోగం ఖాళీ ఉందట. మే నెలాఖరులో, ఒక సోమవారం, అందరి ముందూ ఇంగ్లీషులో పాఠం చెప్పి చూపించాలట. ఆ పెద్దాయన విషయాన్ని దుకాణంలో సరుకు ధర చెప్పినట్టు తేటగా చెప్పాడు. ఈ ఒక్క ఎండాకాలం చూస్తాడు. ఉద్యోగం వస్తే కోడలు రోజూ బస్సెక్కి బడికి పోవచ్చు. రాకపోతే ఇంక ఆ ఊసు ఎత్తకూడదు, దుకాణంలో పని బోలెడంత ఉంది. అంటే ఆమె బతుకు ఎటు తిరగాలో ఆ సోమవారం తేలుతుందన్నమాట. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. నాకు చెప్పలేదని అనడానికి లేదు.

పరీక్షకు నా టేబులు ముందు రెండు కుర్చీలు. ఒకదానిలో పెద్దాయన కూర్చున్నాడు. రెండోదానిలో కూర్చోమని ఆమెకు చెప్పాను. కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడింది. సరేనని ఇంగ్లీషులో పేరు అడిగాను. తల దించుకుంది. ఊరు అడిగాను. పమిట కొంగు సర్దుకుంది. నాలుగు ప్రశ్నలూ అయిపోయాయి, ఒక్క పదం రాలేదు. బీఈడీ పట్టాలు ఎట్లా వస్తున్నాయో నాకు తెలీదా అని లోపల నవ్వుకున్నాను. లెవల్: సున్నా. ఆత్మవిశ్వాసం: లేదు. అంతకుముందు ఎక్కడైనా పనిచేశారా అని అడగడానికి మా ఫారంలో గడి లేదు. గడి లేనిది నేనెందుకు అడుగుతాను?

ఆమెకు మూడో గది ఇచ్చాం. ఏ అంటే యాపిల్ దగ్గర మొదలుపెట్టించాం. పెద్దాయన రోజూ దుకాణం కొడుక్కు అప్పజెప్పి, ఎండలో ఆటోలో కోడల్ని తీసుకొచ్చి, గదుల ఎదురుగా ఉన్న బెంచీ మీద గంటసేపు కూర్చునేవాడు. మా గదులకు తలుపులు సగమే. కూర్చున్నవాళ్ల తల, భుజాలు బయటికి కనబడతాయి. ఆమె మైకు పెదాలకు ఆనించుకుని ఏదో గొణిగేది. కంప్యూటరుకు వినబడేది కాదు, సున్నా వేసేది. పదిహేను రోజులకొకసారి డైరెక్టర్ ప్రగతి పత్రం అని ఒక కాగితం ప్రింటు తీసి, నాతో సంతకం పెట్టించి, పెద్దాయన చేతికి ఇచ్చేవాడు. మొదటిది సున్నా. రెండోదీ సున్నా. రెండోది తీసుకున్నప్పుడు ఆయన దాన్ని చాలాసేపు చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

బడిలో ఆమె పాఠం చెప్పాల్సిన పరీక్ష ఇంక వారం ఉందనగా ఒక మంగళవారం ఆయన రాలేదు. కురిచేడులో ఎవరిదో దినం ఉందని వెళ్లాడట. భర్త ఆమెను మెట్ల దగ్గర దింపి సరుకు కొనడానికి బజారుకు పోయాడు. నేను టీ తాగి పైకి వచ్చేసరికి గదుల వైపు నుంచి ఒక గొంతు వినబడుతోంది. తప్పుల్లేని, తొందర లేని ఇంగ్లీషు. ఏదో వీడియో పెట్టారనుకున్నాను. చూస్తే మూడో గది మనిషి ప్లైవుడ్ మీదుగా వంగి, నాలుగో గదిలో ఉన్న నర్సింగ్ అమ్మాయికి రక్తం ఎట్లా గడ్డకడుతుందో ఇంగ్లీషులో విడమరచి చెబుతోంది. అర్థం కానిచోట ఆగి, ఆ పిల్ల మొహం చూసి, ఇంకా తేలిక మాటల్లో మళ్లీ చెబుతోంది. నాలుగేళ్లలో ఆ హాల్లో ఎవరైనా ఎవరికైనా ఏదైనా నేర్పడం నేను చూడటం అదే మొదలు.

నన్ను చూసి ఆగిపోయింది. ఇంత ఇంగ్లీషు పెట్టుకుని పరీక్షనాడు ఎందుకు మాట్లాడలేదమ్మా అని అడిగాను. నా గొంతులో ఆమెనే తప్పుపట్టే ధోరణి ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

"మా మామ ఎదురుంగ కూచోనుంటే నేను నోరెట్ల తెరిచేది సార్?" అంది. "మీదీ ఈ పక్కే గదా. మీ ఇండ్లల్లో ఆడోళ్లు తెరుస్తారా?"

తర్వాత మిగతాది చెప్పింది. పెళ్లికి ముందు గిద్దలూరులో ఒక చిన్న బడిలో రెండేళ్లు పాఠాలు చెప్పిందట. అక్కడ ఆడపిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడేదట. అత్తవారింటికి వచ్చి ఐదేళ్లు. మా సెంటర్‌కు వచ్చేదాకా మామ ముందు కుర్చీలో కూర్చుంది లేదు, పెద్దగా మాట్లాడింది లేదు. ఏ అంటే యాపిల్ నేర్పుతున్నారని భర్తతో చెబితే, వాళ్లు చదువుకున్నోళ్లు, ఏదో కారణం లేకుండా చెప్పరులే అన్నాడట. ప్రగతి పత్రాల్లో ఏం రాసి ఉందో ఆమెకు ఇంతవరకూ తెలీదు. తెలిశాక ఏడవలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది. ఏడ్చినా బాగుండేది.

ఆ రాత్రి ఇంటికి పోయేటప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ మా తాతతో ఒక్కనాడూ నేరుగా మాట్లాడలేదు. అన్నం పెట్టాలన్నా, మందు వేసుకోమనాలన్నా నన్ను ముందు నిలబెట్టి, "అన్నానికి లేయమని మీ తాతకు చెప్పు నాయనా" అనేది. తాత రెండడుగుల దూరంలోనే ఉండేవాడు, అంతా వినేవాడు, నేను మళ్లీ చెప్పేదాకా కదిలేవాడు కాదు. అట్లాంటి ఇంట్లో పెరిగి, మామ ఎదుట కోడలు నోరు తెరవకపోతే ఆమెకు ఇంగ్లీషు రాదని రాసినవాణ్ణి నేను. ఒక్కొక్కరినీ విడివిడిగా చూస్తామని బోర్డు కట్టుకున్న చోట నేను మనిషినే చూడలేదు. సిగ్గేసింది.

బుధవారం డైరెక్టర్‌కు చెప్పాను. ఆమెకు మళ్లీ పరీక్ష పెడదాం, ఏడో లెవల్‌కు తగ్గదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. సిస్టం లెవల్స్ దాటనివ్వదట, మెట్టు మెట్టుగా పోవాలట. ఎవరి చదువు వాళ్లకే ప్రత్యేకమైన మా సెంటర్‌లో ఎవరైనా తమ నడక నడిచే వీలు మాత్రం లేదు.

"ఇప్పుడు ఏడు అని రాస్తే, ఇన్నాళ్లు సున్నాలెందుకు రాసినారని ఆ పెద్దాయన అడగడా సార్?" అన్నాడు. "ఏం చెప్తారు?"

తప్పు రాశామని చెబుదాం అన్నాను. వైండింగ్ కాలిపోయిన మోటారును కాలిపోయిందని చెప్పి అమ్మమన్నట్టు చూశాడు.

గురువారం మూడో ప్రగతి పత్రం టేబులు మీద పెట్టాడు. సున్నా. వచ్చే నెల రెండు లెవల్స్ ఒకేసారి పెంచుదాం, ఎవరికీ అనుమానం రాదు అన్నాడు. వచ్చే నెల. ఆమె పరీక్ష సోమవారం. నేను సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే ఉద్యోగం కోసం అంటుంటాను. అదీ అబద్ధమే. ఐదు నిమిషాల్లో మనిషిని తేల్చేస్తానని చెప్పుకు తిరిగినవాణ్ణి, ఆ పేరు పోతుందని పెట్టాను. ఇంతకంటే నీచమైన కారణం వెతికినా దొరకదు.

శుక్రవారం పెద్దాయన ఫోను చేశాడు. కోడలు ఇంక రాదన్నాడు. సోమవారం ఆ బడికి కూడా పంపడం లేదట. మూడుసార్లు సున్నా వచ్చిన పిల్లను పదిమందిలో నిలబెట్టి నవ్వులపాలు చేయలేనన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, మొహమాటం ఉంది. మీరు కష్టపడి నేర్పినారు సార్, మా పిల్లకే రాలేదు అన్నాడు. శనివారమంతా ఆ మాట నా చెవుల్లో మోగింది.

ఆదివారం పొద్దున్నే తర్లుపాడు బస్సెక్కాను. దుకాణంలో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. గొర్రెలోళ్లు ఇద్దరు బెల్లం కొనుక్కుని వెళ్లేదాకా ఆగి విషయం చెప్పాను. మీ కోడలికి ఇంగ్లీషు బాగా వచ్చు, నాకంటే బాగా పాఠం చెప్పగలదు, నేను రాసింది తప్పు అన్నాను. ఆయన సొరుగులో నుంచి మూడు కాగితాలు తీసి, మడతలు విప్పి, కాటా పక్కన వరుసగా పరిచాడు.

"ఈ సంతకం మీదే గదా?"

"నాదే పెద్దయ్యా."

"ఇది మొన్న గురువారం పెట్టినారు. అప్పుడు అబద్ధం రాసినారా, ఇప్పుడు అబద్ధం చెప్తుండారా?"

అప్పుడు రాసిందే అబద్ధం అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మడానికి నేనేం మిగిల్చాను గనక? నిజంగా ఇంగ్లీషు వచ్చుంటే ఇప్పుడే ఇక్కడ మాట్లాడించమన్నాడు. లోపలికి కేక వేశాడు. ఆమె దుకాణానికీ ఇంటికీ మధ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చంకలో మూడేళ్ల కూతురు. నేను గొంతు సవరించుకుని మళ్లీ అదే పని చేశాను. మీ పేరేమిటి, మీ ఊరేది. ఇంగ్లీషులో. మామ ఎదుట. ఆమె తల దించుకుంది. బుద్ధి లేనివాడికి రెండోసారి అవకాశం ఇచ్చినా అదే చేస్తాడు.

పెద్దాయన కాగితాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన దుకాణంలో నుంచి ఆయన్నే బయటికి పొమ్మని అడగలేను. ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే, చంకలోని పాప చాక్లెట్ల డబ్బా కోసం చెయ్యి చాచింది. నాకు మా తాత ముందు నిలబడి నేను అమ్మ మాటలు అప్పజెప్పడం గుర్తొచ్చింది.

"పాపతో చెప్పమ్మా," అన్నాను. "వాళ్ల తాతకు ఏం చెప్పాలో పాపతో చెప్పు. ఇంగ్లీషులో."

ఆమె ఒక్క క్షణం నావైపు చూసింది. పాపను దించి బియ్యం బస్తా మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా గొంతుక్కూర్చుని, పాప మొహంలోకి మాత్రమే చూస్తూ మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత ధారగా, అక్కడక్కడ పాప చెయ్యి పట్టుకుని ఊపుతూ చెప్పుకుపోయింది. పెద్దాయన చేతుల్లో కాగితాలు అట్లాగే ఆగిపోయాయి. ఐదేళ్లలో కోడలి గొంతు అంతసేపు ఆయన ఎప్పుడూ విని ఉండడు. ఆమె ఆపి, లేచి, మళ్లీ గుమ్మం పక్కకు పోయి నిలబడింది.

"ఏమన్నది?" అని ఆయన నన్ను అడిగాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు నచ్చింది చెప్పుకోవచ్చు. రేపు బడిలో పాఠం బాగా చెప్తానంటోంది పెద్దయ్యా అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. నిజం చెప్పాలంటే నోటిదాకా అదే వచ్చింది. ఆమె గుమ్మంలో నుంచి నన్నే చూస్తోంది. ఇప్పుడు పరీక్ష నాకు.

"ఇట్లా చెప్పమంది పెద్దయ్యా," అన్నాను. "నేను గిద్దలూరులో రెండేళ్లు పాఠాలు చెప్పినాను. ఈ సార్ ఆ సంగతి నన్ను అడగలేదు. మీ తాత ఎదురుంగ నిలబెట్టి నోరు తెరవమన్నాడు, తెరవకపోతే సున్నా వేసినాడు. నాకు ఇంగ్లీషు వచ్చని మంగళవారం తెలుసుకున్నాడు. తెలిసినాక గురువారం మళ్లీ సున్నా వేసి సంతకం పెట్టినాడు. రేపు ఆ బడిలో నేను ఓడిపోతే అది నా తప్పు. పోనీకుండా ఆపితే ఈ సార్ తప్పుకు నాకు శిక్ష వేసినట్టు. మీ తాత నాకోసం రోజూ దుకాణం ఇడిసిపెట్టి ఆ బెంచీ మీద కూచున్నాడు. రేపొక్కరోజు గేటు బయట కూచోమని చెప్పు."

ఒక్క ముక్క వదల్లేదు. నా నాలుగేళ్ల ఉద్యోగంలో నిజాయితీగా చేసిన పని అదొక్కటే, అదీ వేరే దారి లేక చేశాను.

పెద్దాయన పాపకు డబ్బాలో నుంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. తర్వాత ఆ మూడు కాగితాలూ నా చేతిలో పెట్టాడు.

"ఇవి తీసకపోండి సార్," అన్నాడు. "మా దుకాణంలో ఇట్లాంటియి పొట్లాలు కట్టను గూడ పనికిరావు."

మర్నాడు నేను ఆ బడి వైపు పోలేదు. పోయే మొహం లేదు. పెద్దాయన పొద్దున ఎనిమిదింటి నుంచి గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాడని, కోడలు బయటికి వచ్చేదాకా లోపలికి తొంగి కూడా చూడలేదని తర్వాత తెలిసింది. జూన్‌లో ఆమె ఉద్యోగంలో చేరింది.

చేరిన వారానికి మా బోర్డు పక్కన ఆమె ఫోటో వెలిసింది. కింద పెద్ద అక్షరాలు: "సున్నా లెవల్ నుంచి టీచరు దాకా. మీ చదువు మీకే ప్రత్యేకం." మా డైరెక్టర్‌కు సిగ్గు ఉండి ఉంటే ఇప్పటికీ మోటార్లే అమ్ముకుంటూ ఉండేవాడు. రుజువుకు ఆ మూడు ప్రగతి పత్రాలు కూడా అద్దం కట్టించి గోడకు పెడదాం, ఎక్కడున్నాయని నన్ను అడిగాడు. చించేశానని చెప్పాను. చించలేదు. ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

రెండు రోజుల్లో పెద్దాయన వచ్చాడు. నా కోడలు సున్నా అని ఊరంతా చదువుతుంది, తీయండి అన్నాడు. మీకూ పేరే కదా అని డైరెక్టర్ నవ్వాడు. ఆయన వాదించలేదు. వెళ్లి ఆ పాత బెంచీ మీద కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. చేరడానికి వచ్చినవాళ్లు ఆయన్ను ఎందుకు కూర్చున్నారని అడిగితే, అడిగిన ప్రతివాళ్లకూ మెల్లగా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. సాయంత్రానికి డైరెక్టర్ ఇంక భరించలేక నన్ను పిలిచి, ఆ ఫోటో దింపెయ్యండి సార్ అన్నాడు.

చెప్పుల దుకాణంలో నిచ్చెన అడిగి తెచ్చి ఎక్కాను. అది పాత నిచ్చెన, ఊగుతోంది. కిందికి చూస్తే, దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"మెల్లగా దిగండి సార్," అన్నాడు.